నీలం మూత, తెల్లటి పాదాలు

మూతకి రంగు వేస్తున్నారని శుక్రవారం పొద్దున నాతో పనిచేసిన పొడుగక్క ఫోన్ చేసి చెప్పింది.

"రంగు వేస్తున్నారా, మూత మారుస్తున్నారా?" అన్నాను.

"మార్చడమా? ఈ మునిసిపాలిటీ వాళ్ళ మొహానికి అదొకటా! నీలం రంగు డబ్బా తెచ్చి పూసేస్తున్నారే. పైగా అంచున తెల్లగా చిన్నచిన్న పాదాలు గీస్తున్నారు. పిల్లలు ఎక్కడ నిలబడాలో తెలియడానికట."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. చేతిలో ఉన్న గిన్నె సింకులో పడేసి చెప్పులు వెతుక్కున్నాను. ఒకటే దొరికింది. రెండోది దొరికేలోపు మా అమ్మాయే గుమ్మంలోకి వచ్చింది, చేతిలో మడతపెట్టిన పటం పట్టుకుని, నవ్వుకుంటూ.

ఆ మూత సంగతి ముందు చెప్పాలి. మా వీధి చివర పెద్ద లాండ్రీ ఉండేది. ఆసుపత్రుల దుప్పట్లు, లాడ్జీల దుప్పట్లు, రోజుకి వేలల్లో ఉతికేవాళ్ళు. నేను పద్దెనిమిదేళ్ళు అక్కడ ఇస్త్రీ హాల్లో చేశాను. ఆవిరి ప్రెస్సు కింద నా ఎడమచేతి రెండు వేళ్ళు పడి రేకుల్లా అయిపోయాయి, అదీ అక్కడే. ఉతికే షెడ్డుకీ ఇస్త్రీ హాలుకీ మధ్య పెరట్లో భూమిలోపల తొట్టి. సోడా నీళ్ళన్నీ అందులోకి దిగేవి. ఇద్దరు మనుషుల లోతు. దాని మీద మంచమంత ఇనుపరేకు మూత. లాండ్రీ మూసేసి పదకొండేళ్ళయింది. మూత మాత్రం అలాగే ఉంది, ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ. కింద నీళ్ళూ అలాగే ఉన్నాయి.

మా అమ్మాయిని ఇంట్లో అందరం పిచ్చిక అంటాం. వాళ్ళ నాన్న లారీ మీద పోతే వారానికొకసారి వచ్చేవాడు. బడి వదిలాక దాన్ని ఎక్కడ పెట్టను? హాలు కిటికీ కింద కూర్చోబెట్టుకునేదాన్ని. కూర్చుంటుందా! పెరడంతా గెంతేది. మూత దగ్గరికి పోవద్దు, తుప్పు పట్టింది, పడితే చస్తావు అని చెప్తే ఏడేళ్ళ పిల్లకి ఏం ఎక్కుతుంది? అందుకని మూత కింద వాడొకడున్నాడని చెప్పాను. వాడికి కళ్ళు లేవు, చెవులే ఉన్నాయి, ఎవరైనా మూత మీద చప్పుడు చేస్తే పాదాలు పట్టి లాక్కుంటాడు అని. అలాగే రెండు గోదాముల మధ్య సందులో కరెంటు తీగలు చేతికందేలా వేలాడుతుంటే, అక్కడ ఈలవేసేవాడు జడలు కత్తిరించుకుపోతాడని చెప్పాను. గడియారం మేడకి మెట్లు ఊడిపోతే, ఆ మేడ పళ్ళూడిన ముసలిది, ఎక్కినవాళ్ళని నమిలి మింగేస్తుందని చెప్పాను. సరదాకి చెప్పానా? పిల్ల బతికి బట్టకట్టాలని చెప్పాను.

అవన్నీ పట్టుకుని అది కథలపుస్తకం రాసింది. రాస్తే రాసింది, బళ్ళకి వెళ్ళి చెప్తుంది, పిల్లలు దాన్ని చూస్తే ఎగబడతారు, నాకూ సంతోషమే. కానీ దాని పుస్తకంలో మూత కింద వాడు కాళ్ళు లాగడు. మూతతాత అయిపోయాడు. ఒంటరి ముసలాయన. మూత మీద మూడుసార్లు కొడితే లోపలినుంచి మూడుసార్లు కొట్టి పలకరిస్తాడు. మొదటి పేజీలో "అమ్మకి, భయపెట్టినందుకు" అని అచ్చు వేయించింది. అది చదివి నలుగురూ నవ్వారు. నేను నవ్వలేదు.

"చూడమ్మా," అంటూ పటం బల్ల మీద పరిచింది. మా ఊరే, బొమ్మల్లో. ఈలల సందు, నమిలే మేడ, చివర్లో నవ్వుతున్న మూత. "ఆదివారం పొద్దున మొదటి నడక. ముప్ఫైమంది పిల్లలు. కథలు పుట్టిన చోట్లన్నీ చూపిస్తాను."

"సందులో తీగలు?"

"దూరంనుంచే."

"మేడ?"

"బయటినుంచే అమ్మా."

"మరి మూత?"

అది పటంలో మూత బొమ్మ మీద వేలు పెట్టింది. "అక్కడ తలుపు కొట్టినట్టు కొడతారు. ఒక్కొక్కళ్ళూ. దానికోసమేగా అందరూ వస్తున్నది."

"ఏమే, నీకు బుర్ర ఉందా? నేను పోవద్దని చెప్పిన మూడు చోట్లూ ఏరి, పటం గీసి, ఊరి పిల్లలందర్నీ తోలుకుపోతావా? ఆ మూత తుప్పు!"

"మునిసిపాలిటీ వాళ్ళు చూశారు. బాగుచేశారు."

"బాగుచేశారా, రంగేశారా?"

"అమ్మా!" అని నెత్తి పట్టుకుంది. "మా బడి గోడ పడిపోతుందని ఎన్నిసార్లు వచ్చి గొడవ చేశావు? మూడుసార్లు. పడిందా? గ్యాసు వాసన వస్తోందని మా మేడలో జనాన్నంతా కిందికి దింపించావు. ఏమయింది? కిందింటాయన తలుపుకి వార్నిషు వేసుకుంటున్నాడు. నేను బస్సెక్కిన ప్రతిసారీ బస్సు బోల్తా పడింది నీ లెక్కలో. ఇన్నేళ్ళలో ఒక్కటైనా జరిగిందా?"

జరగలేదు. అదే కదా నా ఖర్మ. జరగనివన్నీ చెప్పి చెప్పి, జరగబోయేది చెప్పినప్పుడు నా మాటకి కాణీ విలువ లేకుండా పోయింది.

అది నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "నీకొక మాట ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు వద్దన్నా నేను వెళ్ళి మూత కొట్టాను. రెండో తరగతిలో. మూడుసార్లు. అమ్మా, లోపలినుంచి మూడుసార్లు తిరిగి కొట్టాడు! నేను పరిగెత్తుకొచ్చి నీ చీర పట్టుకున్నాను, గుర్తుందా?"

గుర్తుంది. భయపడి పరిగెత్తిందనుకున్నాను.

"ఎంత సంతోషమేసిందో తెలుసా? కింద ఎవరో ఉన్నారు, నేను పిలిస్తే పలికారు అని. నా పుస్తకం మొత్తం ఆ మూడు చప్పుళ్ళలోంచే పుట్టింది. అవి ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు."

ఆ చప్పుళ్ళు ఏమిటో నాకు తెలుసు. ఆవిరిగొట్టం ఒకటి బాయిలరు దగ్గర్నుంచి పెరటికింద, ఆ మూత చట్రాన్ని ఆనుకుని, మా హాల్లోకి వచ్చేది. ప్రెస్సుల మోతలో అరుపులు వినబడవు కాబట్టి మేం ఆ గొట్టం మీద పానాతో కొట్టి చెప్పుకునేవాళ్ళం. ఒకటి కొడితే ఆవిరి ఆపు. రెండు కొడితే వదులు. ఆపకుండా దడదడా కొడితే చేతులు తియ్యి, వెనక్కి పో. ఆ రోజు కిటికీలోంచి చూస్తే పిల్ల మూత దగ్గర ఉంది. దాని గుండె జారిపోవాలి, మళ్ళీ అటు పోకూడదు అని పానా తీసుకుని గొట్టం మీద మూడుసార్లు కొట్టాను. నేనే.

చెప్పేయాల్సింది. చెప్పలేదు. దాని కళ్ళు చూసి చెప్పలేకపోయాను, ఆ చెప్పలేకపోయిన కోపం కూడా దాని మీదే చూపించాను. "పో, పిల్లల్ని చంపుకో పో!" అన్నాను. అలాంటి మాట అనొచ్చా? అన్నాను. అది పటం మడిచి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున మా పాత బొగ్గుల ఇస్త్రీపెట్టె సంచిలో వేసుకుని లాండ్రీ పెరట్లోకి వెళ్ళాను. ఏడు కిలోలుంటుంది, మోసేసరికి భుజం ఊడింది. బోర్డుల బాబు అక్కడే ఉన్నాడు. మునిసిపాలిటీ గుమాస్తా. ఊళ్ళో పైపు పగిలినా, దీపం పోయినా కనబడడు కానీ, బోర్డు పాతాలంటే ముందుంటాడు, అందుకే ఆ పేరు. ఈ మూత గురించి మేం ఇరవై ఏళ్ళలో ఎన్ని అర్జీలు పెట్టామో! ఒక్కదానికీ జవాబు లేదు. పుస్తకానికి బహుమతి రాగానే వారంలో నాలుగు బోర్డులు, రెండు బెంచీలు, నీలం రంగు!

"రండి పెద్దమ్మగారూ! రచయిత్రిగారి అమ్మగారు వచ్చారు, కుర్చీ వెయ్యండయ్యా!"

"కుర్చీ వద్దు. దీన్ని కొలిచిందెవరు? రేకు మందం చూసిందెవరు?"

"అంతా చూశాం. మూడు కోటింగులు."

"నేను అడిగింది రంగు గురించి కాదు బాబూ, ఇనుము గురించి!"

"మీరేం కంగారు పడకండి. ఇదిగో," అని నవ్వుతూ మూత మధ్యలోకి నడిచి రెండుసార్లు గెంతాడు. "చూశారా? నేనే డెబ్భై ఎనిమిది కిలోలు. పిల్లలొక లెక్కా?"

మాటలెందుకని సంచిలోంచి పెట్టె తీశాను. మూత మీదకి నడిచాను. నడిమధ్యకి వెళ్ళి, పెట్టె నడుం ఎత్తుకి లేపి వదిలేశాను. గంట కొట్టినట్టు ఖంగున మోగింది. పెట్టె పిడి ఊడి దూరంగా పడింది. మూతకి ఒక్క గీత పడింది, అంతే.

రంగు వేసేవాళ్ళు పగలబడి నవ్వారు. బోర్డుల బాబు పిడి ఏరి తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు. "మీ ఇస్త్రీపెట్టె పోయింది గానీ మూత పోలేదు పెద్దమ్మగారూ. వెళ్ళి పడుకోండి. ఆ గీత మేం కప్పేస్తాంలెండి."

ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. సిగ్గు. నిజంగానే నాకు పిచ్చి పట్టిందా అనిపించింది. లేనిపోనివి ఊహించుకునే ముసలిదాన్నా? సాయంత్రం పొడుగక్క వచ్చింది. మేమిద్దరం ఒకే ప్రెస్సుకి రెండు వైపులా నిలబడ్డ మనుషులం. జరిగింది చెప్పాను. అది నవ్వలేదు.

"ఎక్కడ వేశావే పెట్టె?"

"మధ్యలో."

"మధ్యలో ఎందుకు వేశావే మొద్దూ! దాని కింద దూలం ఉందిగా!"

లేచి కూర్చున్నాను. తడిబట్టల బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆ మూత మీద నుంచే రోజుకి నలభైసార్లు తిరిగేవాళ్ళం. ఎవరూ అంచున కాలు పెట్టేవాళ్ళు కాదు. మొదటిరోజే మేస్త్రీ చెప్పేవాడు, కింద దూలం ఉంది, దాని మీదే నడవండి, పక్కలు ఉత్తిరేకు అని. ఒకరి వెనక ఒకరం చీమల్లా. అది ఎంత అలవాటంటే, నేను మూత పగలగొడదామని వెళ్ళి కూడా, కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటే వెళ్ళి, ఊరంతటికీ గట్టిగా ఉన్న ఒక్క చోట చూసి మరీ వేశాను! ఆ గుమాస్తా గెంతిందీ అక్కడే.

"పాదాలు ఎక్కడ గీశారన్నావు?"

"అంచునే," అంది పొడుగక్క. "వంగి కొట్టాలిగా మరి. మధ్యలో నిలబడి ఎలా కొడతారు?"

బోర్డుల బాబుకి ఆరుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. పిచ్చికకి చేస్తే "అమ్మా, ఇస్త్రీపెట్టె సంగతి తెలిసింది. నా పరువు తీశావు. రేపు మాట్లాడదాం," అని పెట్టేసింది. దూలం అన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది.

ఆదివారం నేను వెళ్ళేసరికి పిల్లలు ముందే వచ్చేశారు. సందు, మేడ చూడటం అయిపోయి ముప్ఫైమందీ నీలం టోపీలతో పెరట్లో గుమిగూడి ఉన్నారు. వెనక వాళ్ళ అమ్మలూ నాన్నలూ ఫోన్లు పట్టుకుని. పిచ్చిక మూత పక్కన నిలబడి కథ చెప్తోంది. ఎంత బాగా చెప్తుందో! ఆ కోపంలో కూడా ఒక్క క్షణం ఆగి విన్నాను, ఏం చెయ్యను, నా కూతురు.

తర్వాత జనంలోంచి తోసుకుపోయాను. "ఆపండి! అంచు గట్టిది కాదు! దూలం మధ్యలోనే ఉంది! ఎవరూ కాలు పెట్టొద్దు!"

బోర్డుల బాబు ఎక్కడనుంచి ఊడిపడ్డాడో, నా భుజం మీద చెయ్యి వేసి పిల్లలవైపు తిరిగాడు. "పిల్లలూ, ఈవిడ ఎవరో తెలుసా? మొట్టమొదట ఈ కథలు చెప్పి భయపెట్టిన అమ్మ ఈవిడే!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. "ఇంకోసారి! ఇంకోసారి భయపెట్టండి!" అని ఒకటే గోల. నేను గొంతు చించుకుని "పడతారర్రా, చస్తారర్రా" అని అరిస్తే, ఇంకా గట్టిగా చప్పట్లు. ఒక నాన్న వీడియో తీస్తున్నాడు. నా జీవితంలో అంత ఒళ్ళు మండింది లేదు. పిచ్చిక నావైపు చూసింది. ఆ చూపులో జాలి ఉంది. కొట్టినా పడేదాన్ని, ఆ జాలిని భరించలేకపోయాను.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళ సీసా చేతిలో పెట్టారు. అటు పిచ్చిక "ముందు నేను కొట్టి చూపిస్తాను, తర్వాత వరసలో మీరు," అంటోంది. మూత అంచుకి వచ్చి, ఆ తెల్లటి పాదాల ముందు నేల మీద మోకాళ్ళు మోపి కూర్చుంటోంది.

కుర్చీ తన్నేసి లేచాను. ఇస్త్రీ హాలు వెనక తలుపు గొళ్ళెం కిందనుంచి ఎత్తి తోస్తే వస్తుంది, మాకు తప్ప ఎవరికీ తెలియదు. లోపల దుమ్ము, పావురాల రెట్టలు, ప్రెస్సులు తీసుకుపోయిన గుర్తులు నేల మీద. గొట్టం మాత్రం గోడకి అలాగే ఉంది. పానా ఎక్కడుంటుంది ఇన్నేళ్ళకి! నేల మీద ఊడిపడ్డ తలుపు బందు ఒకటి దొరికింది, అరచేయంత ఇనుము.

కిటికీలోంచి కనబడుతోంది. పిచ్చిక చెయ్యెత్తింది. మూత మీద కొట్టింది. ఒకటి. రెండు. మూడు. పిల్లలందరూ ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించారు. ఒక పిల్ల అప్పుడే ముందుకొచ్చి, బూటు విప్పి, తెల్లటి పాదంలో తన పాదం పెట్టబోతోంది.

నా బలం కొద్దీ గొట్టాన్ని బాదాను. మూడు కాదు. దడదడదడదడా, ఆపకుండా. చేతులు తియ్యి. వెనక్కి పో. చేతులు తియ్యి. చేతులు తియ్యి.

పిచ్చిక ఆ హాలు కిటికీ కింద పెరిగిన పిల్ల. ఆ చప్పుడు వింటే ఏం చెయ్యాలో దాని ఒంటికి తెలుసు. నిప్పు తగిలినట్టు చేతులు వెనక్కి లాక్కుని, ఎగిరి వెనక్కి పడి, పక్కనున్న పిల్లని నడుం పట్టి లాగేసింది. "వెనక్కి! అందరూ వెనక్కి!" అని అరిచింది. అది దాని కథ గొంతు కాదు. మా హాలు గొంతు.

నేను బాదడం ఆపాను. చెయ్యి ఆగినా గొట్టం ఇంకా గుంయ్ మంటోంది.

పిచ్చిక కిటికీ దగ్గరికి వచ్చింది. ఊచల్లోంచి నన్నూ, నా చేతిలో ఇనుప ముక్కనీ, గోడ మీద గొట్టాన్నీ చూసింది.

"అప్పుడు కూడా నువ్వేనా?"

"నేనే."

"ఇన్నేళ్ళూ..." అంది. "ఇప్పుడా చెప్పేది? ముప్ఫైమంది ముందు?"

"మొన్న చెప్తే వినేదానివా? తిట్టుకో, తర్వాత తిట్టుకో. ముందు ఏదైనా రాడ్డు తీసుకుని ఆ అంచున పొడువు. నువ్వు నిలబడకు, దూరంగా ఉండి పొడువు. పోవే!"

అది వెళ్ళింది. కోపంగానే వెళ్ళింది. "మూతతాతకి స్వాగతం" అని రాసున్న కొత్త బోర్డుని ఊపి ఊపి భూమిలోంచి పీకింది. బోర్డుల బాబు "అయ్యో మేడం, అది కొత్తది," అంటూ వెనకపడ్డాడు. బోర్డు తలకిందులు చేసి ఇనుప కర్ర మొనతో తెల్లటి పాదం మీద పొడిచింది. మొదటి పోటుకి రంగు రాలింది. రెండో పోటుకి కర్ర సగందాకా లోపలికి దిగిపోయింది. ఊడలాగేసరికి రెండు పాదాలున్న రేకు ముక్క, పెద్ద పళ్ళెమంత, లోపలికి విరిగిపోయింది. తర్వాత నీళ్ళ చప్పుడు.

కుళ్ళిన సోడా కంపు పైకి లేచింది. బూటు విప్పిన పిల్ల వాళ్ళమ్మ దాన్ని ఎత్తుకుని మొహమంతా తడుముతోంది, ఏదో పోయినట్టు. వీడియో తీసే నాన్న ఫోన్ దించేశాడు. బోర్డుల బాబు నా కుర్చీలో కూలబడ్డాడు.

నేను బయటికి వచ్చి అతని ముందు నిలబడ్డాను. "మూడు కోటింగులన్నారు?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ రాయకూడదు.

ఆ పిల్ల వాళ్ళమ్మ చంకలోంచి నన్ను వేలితో చూపించింది. "నువ్వేనా మూతతాత?"

"అవును, నేనే," అన్నాను. "ఇంక ఇంటికి పొండి. అందరూ పొండి. నేను కొట్టినప్పుడు రావడం కాదు, పోవడం నేర్చుకోండి."

వెళ్ళిపోయారు. చప్పట్లు లేవు.

మేమిద్దరం ఇంటికి నడిచాం. దాని అరచేతికి నీలం రంగు, మోకాలు దోక్కుపోయింది. టెటానస్ ఇంజెక్షన్ వేయించాలి అనుకుంటున్నాను, అంటే మీద పడుతుందని ఊరుకున్నాను.

"ఒకటి చెప్పు," అంది ఉన్నట్టుండి. "ఆ రోజు నేను చిన్నపిల్లని. నిజంగా భయపెట్టాలంటే ఈరోజు కొట్టినట్టు దడదడా కొట్టొచ్చుగా. పారిపోయేదాన్ని, జన్మలో మళ్ళీ వెళ్ళేదాన్ని కాదు. నేను కొట్టినట్టే, అంతే మెల్లగా, మూడే ఎందుకు కొట్టావు?"

ఆ రోజు పానా నా చేతిలో ఉంది. పిల్ల వంగి చెవి మూతకి ఆనించి వింటోంది. ఎవరైనా పలుకుతారేమోనని. బడి వదిలిన దగ్గర్నుంచి చీకటి పడేదాకా ఒక్కతే ఉండే పిల్ల.

"చెయ్యి అలా ఆడింది," అన్నాను.

అది ముక్కు చీదుకుంది. ఏడుస్తోందో, తిట్టుకుంటోందో చూడలేదు.

"రేపు ఆ సందు సంగతి తేల్చుదాం," అంది. "తీగలు ఎంత కిందకున్నాయో కొలిచి కాయితం మీద రాయించుకుందాం. రాడ్డు నేను తెస్తాను."

"కరెంటు తీగల దగ్గరికి ఇనుపరాడ్డా? నీకు మతి ఉందా అసలు?" అని నడివీధిలో నిలబడి అరిచాను.